ఈశాన్యం మూల మట్టి

మా అన్న నా మాట నమ్మడు. ఊరు నమ్మకపోతే పోనీ అనుకుంటాను. కానీ తోడబుట్టినవాడు, సైకిలు మీద ఎక్కించుకుని నన్ను ఎడపల్లి బడికి తీసుకుపోయినవాడు, నేనేదైనా చెప్తే అది నిజమా కాదా అని నా ముఖంలోకి చూస్తాడు. అప్పుడు ప్రాణం చివుక్కుమంటుంది. దీనికంతా మా ఆఫీసే కారణమని చాలాకాలం చెప్పుకుంటూ తిరిగాను. ఇప్పుడు అంత ధైర్యంగా చెప్పలేను.

నిజామాబాద్‌లో మట్టినీ నీళ్లనూ పరీక్ష చేసే ల్యాబులో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. ఆఫీసు పేరు రాయను. రాస్తే అక్కడివాళ్లకు కోపం వస్తుంది. కోపం తప్ప ఇంకేమీ రాదు వాళ్లకు. నాది చిన్న ఉద్యోగం, అదీ కాంట్రాక్టు. ఏటేటా పెద్దసారు సంతకం పెడితేనే మళ్లీ ఏడు జీతం. రైతులు పంపిన మట్టిని నీడకు ఆరబెట్టడం, కర్ర సుత్తితో దంచడం, జల్లించడం, మందు కలిపి గాజు గొట్టాల్లో పోయడం నా పని. భాస్వరం పరీక్షలో ఆ గొట్టంలోని నీళ్లు నీలం రంగుకు తిరుగుతాయి. నీలం ఎంత చిక్కగా ఉంటే మట్టిలో భాస్వరం అంత ఎక్కువ ఉన్నట్టు. లేతగా వస్తే రైతు డీఏపీ ఎరువు వేసుకోవాలి, చిక్కగా వస్తే అక్కర్లేదు. ఇంతే సంగతి. గొట్టం అబద్ధం చెప్పదు. దాంట్లో మట్టి పోయకముందు మనుషులేం చేశారు, పోశాక ఏం చేశారు అన్నదే చూసుకోవాలి.

ఒక ఎండాకాలం ఊరూరా తిరిగి మట్టి నమూనాలు తెమ్మని పైనుంచి హుకుం వచ్చింది. ఊరికి ఇన్ని అని లెక్క. మా తల్లిగారి ఊరు ఎడపల్లి దగ్గరే కాబట్టి నన్ను కుర్ర సారు వెంట పంపారు. మంచివాడే, కొత్తగా వచ్చాడు, బాగా చదువుకున్నాడు. మట్టి ఎట్లా తీయాలో నాకన్నా అతనికే బాగా తెలుసు. ఒక్కో పొలంలో ఎనిమిది పది చోట్ల జానెడు లోతు గుంత తవ్వి, అన్ని గుంతల మట్టీ కలిపి, అందులోంచి అరకిలో తేవాలి. గట్టు పక్కన వద్దు, చెట్టు కింద వద్దు, పశువుల పెంట పోసిన చోట అసలే వద్దు. ఇదంతా మా ఆఫీసు గోడ మీద బొమ్మలతో సహా రాసి ఉండేది.

మేం పోయేసరికి ఊళ్లో వాళ్లే మట్టి తెచ్చి మా అన్న వాకిట్లో పెట్టారు. ఊరి ఆడబిడ్డ ఆఫీసరును వెంటేసుకుని వస్తోంది, ఎండలో పొలాల వెంట తిప్పుతామా అని వాళ్ల మర్యాద. కొందరు స్టీలు డబ్బాల్లో తెచ్చారు, కొందరు కొత్త సంచుల్లో తెచ్చారు. ఒకామె జల్లెడ పట్టి, రాళ్లు ఏరి, పైన ఇంత పసుపు చల్లి మరీ తెచ్చింది. చూడగానే నాకు నవ్వొచ్చింది. చేత్తో తీసి చూశాక నవ్వు ఆగిపోయింది. నల్లగా, మెత్తగా, పిండిలా ఉంది. ఎవరి డబ్బా తెరిచినా అదే మట్టి.

మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. దుక్కి మొదలుపెట్టేది పొలంలో ఈశాన్యం మూల నుంచే. ఇంటి ఆడమనిషి అక్కడే పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడుతుంది. ఏటా మొదటి బండి పెంట కూడా ఆ మూలనే పోస్తారు. తాతల నాటి నుంచి పోసీ పోసీ ఆ మూల మట్టి బంగారంలా ఉంటుంది. ఆఫీసరు మట్టి అడిగితే ఏ మూలది ఇస్తారు మరి?

"గిదంత ఈశాన్యం మూలదేనా వదినా?" అని మా వదినను అడిగాను.

"మరేడిది? పిల్లను సూడొస్తే చినిగిన చీర కట్టి కూసోబెడ్తమా? మంచి మట్టే ఇచ్చినం," అంది వదిన.

సారు దగ్గరికి పోయి చెప్పాను. అతను మంచం మీద కూర్చుని చాయ్ తాగుతూ సెల్‌ఫోన్లో రైతుల పేర్లు ఎక్కిస్తున్నాడు. ఈ మట్టి పనికిరాదు సార్, పెంట పోసిన చోటిది, పొలాలకు పోయి మళ్లీ తీద్దాం అన్నాను.

"అక్కా, నెలాఖరు. ఇంకా మూడు ఊళ్లున్నాయి. మట్టి మట్టే కదా," అన్నాడు, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

నమూనా ఎక్కడ తీశారో చూపించమని ఆ ఫోన్ అడుగుతుంది. ఉన్నచోటనే కూర్చుని అన్నింటికీ ఒకే చోటు కొట్టేశాడు. ఆఫీసు లెక్కల ప్రకారం మా ఊరి పొలాలన్నీ ఇప్పటికీ మా అన్న వాకిట్లోనే ఉన్నాయి. నేను ఇంకోసారి చెప్పలేదు. ఒకసారి చెప్పాను కదా, నా బాధ్యత తీరింది అనుకున్నాను. సంచులు ఆటోలో వేయించి నేనూ ఎక్కి కూర్చున్నాను.

ల్యాబులో మా ఊరి గొట్టాలన్నీ సిరాబుడ్ల మాదిరి వచ్చాయి. ఒక్కటంటే ఒక్కటి లేతగా లేదు. ఏ ఊరి మట్టీ అంత బలంగా, అంత ఒకే తీరుగా ఉండదని మట్టి దంచే నాకు తెలిసినప్పుడు, దాని మీద పుస్తకాలు చదివినవాళ్లకు తెలియదా? తెలుసు. కుర్ర సారు చూశాడు, పెద్దసారు చూశాడు, చూసి కార్డులు అచ్చు వేయించారు. ఊరంతటికీ ఒకటే రాత: భాస్వరం చాలినంత ఉంది, వేయనక్కర్లేదు. ఎక్కువ నమూనాలు తెచ్చినందుకు ఆ ఏడు కుర్ర సారుకు శాలువా కప్పారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

కార్డులు చెరుకు నాటే రోజులకు ఊరు చేరాయి. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక మా ఊళ్లో చాలామంది వరికి మళ్లారు. మా అన్న మొండివాడు, ఎకరన్నరలో చెరుకు పెట్టి దూరపు ఫ్యాక్టరీకి లారీలో పంపుతాడు. మిగతావాళ్లు కార్డు చూసి పక్కన పెట్టి, అలవాటు కొద్దీ బస్తాలు తెచ్చి చల్లారు. అన్న తేలేదు. గా కాయితం జూసి ఎరువు ఆపుతవా అని పక్క పొలం ఆయన అడిగితే, "మా చెల్లె సొంతంగ జేసిన పరీక్ష గిది. ఆమె కాడ తప్పుండది," అన్నాడట. ఈ మాట వదిన నాకు ఫోన్లో మురిసిపోతూ చెప్పింది. అప్పుడైనా నేను నోరు తెరవాల్సింది. అన్నా, ఆ కార్డు చింపెయ్, ఎరువు వెయ్ అంటే ఒక్క నిమిషం పని. ఊళ్లో ఒకరికి తెలిస్తే అందరికీ తెలుస్తుంది, ఆఫీసులో నా మెడకు చుట్టుకుంటుందని భయపడ్డాను. ఏం కాదులే, ఎంతో కొంత బలం ఉండే ఉంటుంది అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

ఆ ఏడు అన్న చెరుకు పిలకలు వేయలేదు. అందరి చెరుకూ గుబురుగా లేస్తుంటే మావాళ్లది పళ్లూడిన నోటిలా సందులు సందులుగా నిలబడింది. అన్న రెండు దుబ్బులు వేళ్లతో సహా పీకి, సంచిలో వేసుకుని, కార్డు పట్టుకుని బోధన్ బస్సులో మా ఆఫీసుకు వచ్చాడు. నేను చూస్తుండగానే పెద్దసారు గదిలోకి పోయాడు. చెప్పులు బయటే విడిచిపోయాడు.

"సారూ, లొల్లికి రాలే నేను. యాడ తప్పు జరిగిందో చెప్పుండ్రి, మల్లేడు సక్కగ జేస్కుంట," అన్నాడు.

అంతకన్నా సాదాగా ఎవరైనా అడుగుతారా? ఒక్క మాట చాలు ఆ మనిషికి. మట్టి తప్పుడు చోట తీశారు, మేం గమనించి కూడా ఊరుకున్నాం, మళ్లీ వచ్చి తీస్తాం అంటే, దండం పెట్టి వెళ్లిపోయేవాడు. మా ఊరివాళ్లు రాని వానను ఏటేటా క్షమిస్తారు, మూతపడ్డ ఫ్యాక్టరీని కూడా క్షమించారు. పెద్దసారు చాయ్ తెప్పించి, కమిటీ వేస్తామన్నాడు.

కమిటీ ఊరికి పోయే ముందురోజు పెద్దసారు నన్ను గదిలోకి పిలిచాడు. అన్నేళ్లలో ఏనాడూ కూర్చోమనని మనిషి కుర్చీ చూపించాడు. ముందు ఒక కాగితం పెట్టాడు. ఫలానా రోజున ఫలానా ఊళ్లో, రైతుల సమక్షంలో, మట్టి తీసే పద్ధతిని నేను గుంత తవ్వి చూపించానని అందులో ఉంది.

"ఇది మన సంస్థ పరువు విషయం అమ్మా. నువ్వు ఆ ఊరిదానివే, నీ మాటకు విలువ ఉంటుంది," అన్నాడు.

నా కాంట్రాక్టు కాగితం ఆ నెలలోనే ఆయన బల్ల మీదికి రావాలి. ఆ మాట ఆయన అనలేదు, నేనూ అడగలేదు. సంతకం పెట్టాను. పెన్ను కూడా నాదే.

పంచాయతీ ఆఫీసు ముందు టెంటు వేసి మీటింగు పెట్టారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పెద్దసారు మైకు పట్టుకుని రైతులే మట్టి తప్పుగా తీశారని గంట చెప్పాడు. అందులో అబద్ధం లేదు, అదే నాకు ఒళ్లు మండే సంగతి. తప్పుగా తీసిన మాట నిజమే. ఆ ఒక్క నిజం పట్టుకుని తమ తప్పంతా దాని కింద దాచేశారు.

ఊళ్లో మోటార్లు బాగుచేసే చాచా ఒకాయన ఉండేవాడు. పెద్దమనిషి, ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. ఆయన లేచాడు.

"సాబ్, మట్టి మేం తప్పు తీసినం, ఒప్పుకుంటం. మాకు ఎర్కలేదు. ఊరందరి కార్డులు ఒక్కతీరుగ వచ్చినప్పుడు మీకు ఎర్కయింది గదా. గప్పుడు వాపస్ ఎందుకు రాలే? గలత్ అయిందని ఒక్క మాటంటే నోట్లకెల్లి ముత్యాలు రాల్తయా?"

పెద్దసారు జేబులోంచి నా కాగితం తీసి, మైకులో చదివి, కింద నా సంతకం ఉందని కూడా చెప్పాడు. టెంటు కింద అందరూ నా వైపు తిరిగారు. తర్వాత మా అన్న వైపు తిరిగారు.

"నీ సంతకమేనా?" అన్నాడు అన్న.

"నాదే."

"గుంత తవ్వి సూపిచ్చినవా?"

నేను నేల చూశాను. అన్న భుజం మీది తువ్వాల సర్దుకుని, అందరి మధ్యలోంచి నడిచి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఏడాది పైన మాటల్లేవు. రాఖీకి పోతే పొలం పోయాడని వదిన చెప్పింది. మధ్యాహ్నం దాకా కూర్చుని, రాఖీ వదిన చేతికిచ్చి బస్సెక్కాను. కుర్ర సారు బదిలీ మీద వేరే జిల్లాకు పోయాడు. పెద్దసారు అదే గదిలో ఉన్నాడు. ఆఫీసు గోడ మీది బొమ్మలకు కొత్తగా రంగులు వేయించారు.

ఇంతలో నా మేనకోడలు, అన్న బిడ్డ, మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. కొడుకు పుట్టాడు. పురుటికి నన్ను పిలవలేదు, ఎవరో చెప్తే తెలిసింది. తల్లికి పాలు సరిగా పడలేదనీ, డబ్బా పాలు కలిపి పోస్తున్నారనీ కూడా విన్నాను.

ఆ పిల్లవాడికి రెండు నెలలు వచ్చేసరికి, ఊళ్లోని బోర్ల నీళ్లు సీసాల్లో మా ల్యాబుకు వచ్చాయి. ఈసారి సీసాలు సరిగానే నింపారు, పద్ధతిగానే వచ్చాయి. పరీక్ష చేసింది నేనే. మా అన్న ఇంటి బోరు నీళ్లలో నైట్రేటు ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ వచ్చింది. బోరు పక్కనే పశువుల కొట్టం, దాని పక్కన మరుగుదొడ్డి గుంత. ఎక్కడైనా తప్పు చేశానేమోనని ఇంకో రెండుసార్లు చేశాను. అదే వచ్చింది. ఆ నీళ్లు పెద్దవాళ్లను అంతగా ఏమీ చేయవు. పసిపిల్లల పాలలో కలిస్తే మాత్రం ఒంట్లో రక్తం గాలిని మోయలేదు, పెదాలు నీలిబడతాయి, ప్రాణం మీదికి వస్తుంది. మరగబెట్టినా లాభం లేదు, నీళ్లు ఇగిరి ఆ విషం ఇంకా చిక్కబడుతుంది.

ఆఫీసు ఈసారి ఆలస్యం చేయలేదు. ఆ బోరు నీళ్లు చంటిపిల్లలకు పట్టవద్దు, నల్లా నీళ్లు వాడండి అని పంచాయతీ గోడకు నోటీసు అంటించింది. తెల్లారేసరికి దాని కింద ఎవరో బొగ్గుతో రాశారు: "గీ నీళ్లు గూడ ఈశాన్యం మూలయేనా?" ఊరంతా చదివి నవ్వుకున్నారట. నేనైనా నవ్వేదాన్నే, పిల్లవాడు మావాడు కాకపోతే.

సెలవు పెట్టి పోయాను. గడపలో నన్ను చూసి అన్న లేచి నిలబడ్డాడు. ఏడాది తర్వాత మొదటిసారి నా ముఖం చూశాడు. "చెల్లెకు నీళ్లియ్యి," అన్నాడు వదినతో.

పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ చేతికి ముందు నీళ్లిస్తారు. తాగకుండా గ్లాసు పక్కన పెడితే ఈ ఇంటితో నాకు సంబంధం లేదని చెప్పినట్టే. వదిన చెంబులోంచి గ్లాసులోకి వంచింది. అవి బోరు నీళ్లే. నల్లా నీళ్లు మందు వాసన వస్తాయని ఆ ఇంట్లో గిన్నెలు తోమడానికే వాడతారు.

నేను చెప్పడానికి వచ్చింది ఆ నీళ్ల గురించే. గ్లాసు పట్టుకుని అన్న వైపు చూశాను. అన్న నా చేతి వైపు చూస్తున్నాడు. నన్ను క్షమించడానికే ఆ నీళ్లు ఇప్పించాడని నాకు అర్థమైంది. సంతకం సంగతి ఎత్తి, తప్పయింది అన్నా అని నేను అనాల్సింది అప్పుడే. అది అనేసి గ్లాసు కింద పెట్టినా అన్న ఏమీ అనుకునేవాడు కాదు. ఆ మాట బదులు నీళ్లు తాగితే సరిపోతుంది అనుకున్నాను. పెద్దవాళ్లకు ఏమీ కాదని నాకు తెలుసు కదా. గ్లాసు మొత్తం తాగేశాను.

తర్వాత చెప్పాను. ఒక్కటీ వదలకుండా చెప్పాను.

"మేం కాగబెట్టే పోస్తున్నం," అంది వదిన.

"కాగబెడితే ఇంకా ఎక్కువైతది వదినా."

వదిన అన్న ముఖం చూసింది. "నీళ్లు కాగబెడ్తె ఖరాబైతయా? గిదేం సదువు?"

"పెద్దోళ్లకేం గాదు, పొల్లగానికే ప్రమాదం," అన్నాను. ఆ మాట నా చెవికే మా పెద్దసారు మాటలా వినిపించింది. మేనకోడలు ఒడిలో పిల్లవాణ్ని పెట్టుకుని నా నోటినే చూస్తోంది. ఆ పిల్ల భయపడింది, నాకు తెలుసు. ఇంకొక్క మాట కలిస్తే నమ్మేదే.

"నువ్వు తాగినవ్ గదా అత్తా," అంది.

అన్న నవ్వాడు. కోపంగా కాదు, మామూలుగానే నవ్వాడు. "పోనియ్యే, ఆఫీసోళ్లు పంపితె వచ్చింది. దాని నౌకరి అది," అన్నాడు. వదిన నాకు అన్నం వడ్డించడానికి లేచింది. పోయేముందు చెంబులో మిగిలిన నీళ్లు పాలకు పొయ్యి మీద పెట్టింది. వద్దని చెంబు పట్టుకున్నాను. నా చేయి మెల్లగా తీసేసి, పెట్టింది.

రెండు వారాలకు పిల్లవాణ్ని నిజామాబాద్ ఆస్పత్రికి తెచ్చారు. పెదాలు, గోళ్లు నీలిబడ్డాయి. డాక్టరు మొదట అడిగింది ఏ నీళ్లు కలుపుతున్నారనే. నాకు ఫోన్ వచ్చి నేను పరిగెత్తేసరికి లోపల ఆక్సిజన్ పెట్టారు. సమయానికి తెచ్చారు, బతుకుతాడు అన్నాడు డాక్టరు. బయట బెంచీ మీద అన్న ఒక్కడే కూర్చున్నాడు. పక్కన కూర్చున్నాను. నేను ఆ రోజే చెప్పాను కదా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అన్నే ముందు మాట్లాడాడు.

"చెప్పినవ్. లేదంటలేను," అన్నాడు. "కని గ్లాసు ఖాళీ జేసి చెప్పినవ్. మేం నీ నోరు సూడాలెనా, నీ చెయ్యి సూడాలెనా?"

తప్పు నాదే అన్నా, అన్నాను. ఆ నీళ్ల గురించి, ఆ సంతకం గురించి, ఆ మట్టి గురించి, అన్నీ కలిపి ఒక్కసారే అన్నాను. అంతవరకు ఆ మాట ఎవరితోనూ అని ఎరగను. అన్న విన్నాడో లేదో తెలియదు. నర్సు పిలిస్తే లేచి లోపలికి పోయాడు.